ఎనభైల పాట ఎందుకు ఇడ్వదు?

మొన్న మా దిక్కు ఒక పెండ్లికి పోయిన. బరాత్ అయిపోయింది, డీజే బందైంది, రాత్రి రెండున్నర దాటింది. పందిరి కింద కుర్సీలేసుకొని ఐదారుగురు పిలగాండ్లు కూసున్నరు. అందరు ఇరవై, ఇరవై రెండేండ్లోళ్లే. అప్పటిదాక తీన్మార్‌కు చెమటలు కారంగ ఎగిరినోళ్లు. అండ్ల ఒకడు ఫోన్ల పాట పెట్టిండు. ఇళయరాజా పాట. 1984ల వచ్చిన సినిమాది. పల్లవి, చరణాలే కాదు, నడుమ వచ్చే వాయిద్యాల ముక్క సుత నోటితోని తీస్తున్నడు.

"తమ్మీ, ఈ పాట వచ్చిననాటికి మీ నాయినకే మీసాలు రాలే. నీకెట్ల ఎరుక?" అని అడిగిన.

"మా డాడీ ఆటోల రోజు గివే పెడ్తుండె అన్న. బడికి పోయేటప్పుడు ఇంటుంటి. ఇగ బుర్రల పడిపోయినయి" అన్నడు.

వాడు మామూలుగనే చెప్పిండు. నాకైతే ఆ మాట రెండు రోజులు మనసుల నుంచి పోలే. ఎందుకంటే నేను ఎనభైల పాటల పిచ్చోణ్ణి. మా ఇంట్ల అందరు నవ్వుతరు. బండి మీద పోతున్నా, పొలం కాడ మోటరు ఏసి కూసున్నా అవే పాటలు. "పాత చింతకాయ పచ్చడి" అంటది నా బిడ్డ. నేను ఏమనను. ఈ పిచ్చి ఎందుకొచ్చిందో కొంత సైన్సు చెప్తది, కొంత మా ఇంటి కథ చెప్తది. ఇయ్యాల రెండూ చెప్త. మొదలు పాటల ముచ్చట, తర్వాత నేను చేసిన ఒక తప్పు ముచ్చట.

ఆ పదేండ్లల్ల ఏం జరిగింది?

1980 ఫిబ్రవరి 2 నాడు 'శంకరాభరణం' విడుదలైంది. ముసలాయన హీరో, అన్నీ శాస్త్రీయ సంగీతం పాటలే. గసొంటి సినిమా పాటలను పొలాలల్ల కూలోళ్లు సుత పాడుకున్నరు. ఆ సినిమాకు కె.వి. మహదేవన్‌కు సంగీతానికి, బాలుకు, వాణీ జయరాంకు పాడినందుకు జాతీయ అవార్డులొచ్చినయి. అక్కడ మొదలైంది. 1982ల 'మేఘసందేశం': రమేష్ నాయుడుకు, యేసుదాసుకు, సుశీలకు ముగ్గురికీ జాతీయ అవార్డులు. 1983ల 'సాగర సంగమం': ఇళయరాజాకు, బాలుకు. 1984ల 'సితార': జానకికి. 1988ల 'రుద్రవీణ': మళ్ల ఇళయరాజాకు, బాలుకు. 1986ల 'సిరివెన్నెల' సినిమాతోని ఒక కొత్త కవి వచ్చిండు. సీతారామశాస్త్రి అనే ఆ మనిషికి సినిమా పేరే ఇంటిపేరయింది. అప్పటికే వేటూరి రోజుకిన్ని పాటలని రాస్తున్నడు. 

అయితే అవార్డులొచ్చినయే మంచి పాటలని నేను అనను. అవార్డులు రాని పాటలే ఊర్లల్ల ఎక్కువ మోగినయి. చక్రవర్తి కొట్టిన స్టెప్పుల పాటలు పెండ్లిళ్లల్ల, గణపతి పందిళ్లల్ల, జాతరల మైకులల్ల వాడవాడకు ఒర్లేటివి. వాటికి ఎగిరినోళ్లల్ల నేనొకణ్ణి. 

ఇంక ఇళయరాజా ముచ్చట చెప్పకుంటే ఈ కథ నిండదు. ఆయన తమిళనాడుల పన్నైపురం అనే పల్లెల పుట్టిండు. దళిత కుటుంబం. వాళ్లన్న పావలర్ వరదరాజన్ కమ్యూనిస్టు పార్టీ సభలల్ల పాటలు పాడేటోడు. ఆ అన్న ఎంబడి హార్మోనియం పట్టుకొని ఊరూరు తిరిగి సభలల్ల వాయించిండు. అంటే ఆయన మొదటి బడి మన ప్రజానాట్యమండలి అసొంటిదే అన్నట్టు. తర్వాత మద్రాసు పోయి పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నడు, 1976ల 'అన్నక్కిళి' సినిమాతోని సంగీత దర్శకుడైండు. ఊరి పాట బాణీ, కర్ణాటక రాగం, తెల్లోళ్ల వయొలిన్లు మూడింటిని ఒక్క కుండల వండిండు. ఆయన పాటల మీరు ఒక్కసారి గొంతును పక్కకు పెట్టి, అడుగున నడిచే బేస్ గిటారును మాత్రమే ఇనుండ్రి. పాట కింద ఇంకో పాట నడుస్తుంటది. అందుకే వంద సార్లు ఇన్నా ఏదో ఒకటి కొత్తగ దొరుకుతది.

మరి మన పాటో?

ఇక్కడ ఒక మాట నిజంగ చెప్పుకోవాలె. ఎనభైల సినిమాలల్ల మన యాస యాడుండె? రౌడీ కాడ ఉండె, పనిమనిషి కాడ ఉండె, నవ్వించే బకరా కాడ ఉండె. పాటలల్ల అయితే చాల తక్కువ ఉండె. 'సితార'ల జానకి పాడిన గోదారి పాట ఇంటే ఆ గోదారి కొబ్బరి చెట్ల నడుమ పారే గోదారి. మాకు సుత గోదారి ఉన్నది, ధర్మపురి కాడ. మా గోదారి ఎండకాలంల ఇసుక మేటలే. అయినా నేను ఆ పాట ఇనుకుంట మా ధర్మపురి గోదారినే కండ్ల ముందల పెట్టుకున్న. పాట మనదా కాదా అని చెవి అడగదు. తనకు తెలిసిన నీళ్లను అండ్ల పోసుకుంటది.

అప్పుడు మా దిక్కు ఇంకో పాట సుత ఉండె. అది మెల్లగ పాడుకునే పాట. 1978ల జగిత్యాల జైత్రయాత్ర అయినంక మా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిన్రు. 1980ల వచ్చిన 'మా భూమి' సినిమాల గద్దర్ తెర మీద కనవడి, బండి యాదగిరి కట్టిన పాట పాడిండు. తర్వాత కొన్నేండ్లు గద్దర్ అజ్ఞాతంల ఉన్నడు. ఆయన పాటల క్యాసెట్ ఇంట్ల ఉండుడంటే భయమే. గడ్డివాముల దాచినోళ్లను నేను ఎరుగుదు. పైన సినిమా పాట గట్టిగ మోగుతుంటే, లోపల గొంగడి కప్పుకొని గా పాట ఇనేటోళ్లు. కాబట్టి మా ఎనభైల పాట అంటే ఈ రెండూ. ఒకటి మైకుది, ఇంకోటి గొంగడి కిందిది. రెండూ మాకు చేరింది మాత్రం ఒకే వస్తువుల. దాని పేరు క్యాసెట్.

నాలుగు వేళ్లంత డబ్బా

మీల చాలమంది క్యాసెట్ చూసి ఉండకపోవచ్చు, చూసినా వాడి ఉండరు. 1963ల ఫిలిప్స్ కంపెనీ దాన్ని బయటికి తెచ్చింది. చిన్న ప్లాస్టిక్ డబ్బాల రెండు చక్రాలు, వాటి నడుమ సన్నటి టేపు. వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు జర తక్కువ. టేపు మీద ఇనుప తుప్పు లెక్కటి పొడి పూస్తరు. మాట గాని పాట గాని కరెంటుగ మారి, ఆ పొడిల ఉన్న సన్నసన్న అయస్కాంతాలను ఒక తీరుగ పేరుస్తది. అదే రికార్డింగ్. అదే టేపు మళ్ల తిరిగితే ఆ పేర్పు చదివి గొంతును బయటికి తీస్తది.

టేపు నడిచే వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. అరవై నిమిషాల క్యాసెట్ అంటే ఒక్కో పక్క ముప్పై నిమిషాలు, అంటే 85 మీటర్ల పైన టేపు. ఈ లెక్క గుర్తుంచుకోండ్రి, ముందుకు పనికొస్తది.

రికార్డ్ బటన్ ఒత్తితే టేపు ముందుగాల ఒక చెరిపే హెడ్ మీదికెళ్లి పోతది, తర్వాత రాసే హెడ్ మీదికెళ్లి పోతది. అంటే కొత్తది ఎక్కకముందే పాతది తుడిచిపెట్టుకపోతది. ఫోన్ల డిలీట్ అయింది కొన్నాళ్లు వేరే తావున దొరకొచ్చు. టేపు మీద చెరిగింది చెరిగినట్టే. అందుకే క్యాసెట్ వెనక అంచుకు రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు పెట్టిన్రు. వాటిని ఇరగ్గొడితే ఇగ దాని మీద రికార్డు కాదు. దుకాన్ల కొన్న పాటల క్యాసెట్లకు అవి ముందే ఉండకపోయేది. ఖాళీ క్యాసెట్లకు ఉంటుండె. ఆ పలుకుల సంగతి మా బాపుకు తెల్వది. నాకు తెలిసినా పట్టించుకోలే.

బాపు పంపిన ఉత్తరం

మా బాపు 1985ల కువైట్ పోయిండు. బిల్డింగుల పని. మా జగిత్యాల దిక్కు ఇంటికొకరు గల్ఫ్ పోతున్న కాలం. 1988ల సుట్టీ మీద వచ్చినప్పుడు టూ-ఇన్-వన్ తెచ్చిండు, రేడియో, టేపు రెండూ ఉన్నది. దాన్ని చూసేటందుకు వాడకట్టంత వచ్చింది. ఆ సంది మా ఇంట్ల పాట బందు కాలే.

మా అవ్వకు సదువు రాదు. బాపు దగ్గరికెళ్లి ఉత్తరం వస్తే నేను గాని, పక్కింటి సార్ గాని చదివి చెప్పాలె. మొగడు పెండ్లానికి రాసిన ఉత్తరం ఇంకొకరు చదువుతుంటే అండ్ల ఏం రాస్తరు? "ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమని తలుస్త." గంతే. అందుకే గల్ఫ్‌ల ఉన్నోళ్లు క్యాసెట్ల మాట్లాడి పంపేటోళ్లు. సుట్టీ మీద వచ్చేటోళ్ల చేతికిచ్చి తోలిస్తుండ్రి. 1989 మొదట్ల బాపు గట్లనే ఒక అరవై నిమిషాల క్యాసెట్ పంపిండు. రెండు దిక్కుల ఆయన మాటలే. నడుమ దగ్గు, రూములోళ్ల చప్పుడు, ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. అవ్వ తలుపు దగ్గరికేసి ఒక్కతే ఇన్నది. ఆమె తనంత తానే చదువుకున్న మొదటి ఉత్తరం అది.

ఆ తర్వాత కొన్ని నెలలు బీడీలు చుట్టుకుంట రోజు ఇంటుండె. తర్వాత ఆ క్యాసెట్ సందుగల పడ్డది.

అదే ఏడాది దసరా సెలవులకు నాకు పదిహేనేండ్లు. 'గీతాంజలి' పాటలు ఊరంత మోగుతున్నయి. జగిత్యాలల రికార్డింగ్ దుకాన్లు ఉండేటివి. ఖాళీ క్యాసెట్, పాటల లిస్టు ఇస్తే పాటలు ఎక్కించి ఇస్తరు. నా దగ్గర రికార్డింగ్ పైసలు ఉన్నయి, క్యాసెట్‌కు లేవు. సందుగల నుంచి బాపు క్యాసెట్ తీసిన. ఇని ఇని అయిపోయింది గదా, ఇగ దేనికి అనుకున్న. ఒక పక్కకు 'గీతాంజలి', రెండో పక్కకు 'సాగర సంగమం', 'రుద్రవీణ', 'అభినందన' పాటలు, ఆఖరుకు 'సితార'ల జానకి పాట. చీటీ రాసిచ్చిన.

దుకానాయన క్యాసెట్ ఏసి చూసి, "బాబూ, ఇండ్ల ఎవరియో మాటలున్నయి. చెరిపెయ్యాల్నా?" అని అడిగిండు.

"చెరిపెయ్ అన్న" అన్న.

ముప్పై ఏండ్లు దాటింది. ఆ రెండు మాటలు ఇప్పటికీ ఇనవడుతనే ఉంటయి.

1990 ఆగస్టు

1990 ఆగస్టు 2 నాడు ఇరాక్ సైన్యం కువైట్ మీద పడ్డది. నాట్లు పడుతున్న రోజులు. రేడియోల వార్తలు ఇని అవ్వ నారుమడి కాన్నుంచి ఉరికొచ్చింది. ఉత్తరం లేదు, ఫోన్ లేదు. మా ఊర్ల నలుగురి ఇండ్లల్ల అదే ఏడ్పు. వారం దాటినంక ఒక రాత్రి అవ్వ నన్ను పిలిచింది. "బిడ్డా, బాపు టేపు పెట్టు. జర గొంతన్న ఇంట" అన్నది.

నేను కదలలే. ఆమెనే సందుగ తీసింది, క్యాసెట్ ఏసింది, బటన్ ఒత్తింది. 'గీతాంజలి' పాట వచ్చింది. వేరే క్యాసెట్ ఏసిన్ననుకొని తీసి చూసింది. మళ్ల ఏసింది. అప్పుడు నా మొకం దిక్కు చూసింది. తిట్టలే, కొట్టలే. ఏమన్న అంటే బాగుండేది.

తెల్లారి నేను రెండో పక్క ఏసి మొత్తం ఇన్న. ఏమన్న మిగిలిందేమో అని ఆశ. ఆఖర్ల జానకి పాట అయిపోయింది. దుకానాయన ఇంకో పాట పట్టదని ఆడికే ఆపినట్టున్నడు. 'టక్' మని చప్పుడైంది. ఆ ఎంబడే బాపు గొంతు. సగం మాట కాన్నుంచి మొదలైంది: "... మోటరు కాయిలు కాలితే ఆనే చేయించు, పైసలకు చూడకు. పిలగానికి బూట్లు తీసుకున్న, వచ్చేటోని చేతికిచ్చి తోలిస్త. నువ్వు రాత్రి పొద్దుపోయేదాక బీడీలు చెయ్యకు, కండ్లు పోతయి. ఇగ టేపు అయిపోయేటట్టున్నది. నేను మంచిగనే..." గంతే. టేపు అయిపోయింది.

నిమిషంన్నర. ఇందాక చెప్పిన లెక్క వేస్తే నాలుగు మీటర్ల పైచిలుకు టేపు. మా బాపు మాటలల్ల మాకు మిగిలింది అంత.

ఉరికి అవ్వకు ఇనిపించిన. ఆ దినం సంది ఆమె రోజు రాత్రి రెండో పక్క ఏసుకునేది. టేపును ముందుకు ఉరికించుడు ఆమెకు భయం, తెగిపోతదేమో అని. అందుకే మొత్తం పాటలు ఇనుకుంట కూసుండేది. బాలు పాడుతుంటే బీడీలు చుట్టేది, జానకి పాట మొదలు కాంగనే చాట పక్కకు పెట్టేది. పాట అయిపోవచ్చే కొద్ది టేపు దగ్గరికి జరిగేది. నేను గోడకు ఒరిగి చూసేటోణ్ణి. తునికాకు వాసన, తంబాకు వాసన, లాంతరు, జానకి గొంతు, ఆ 'టక్' చప్పుడు, బాపు.

ఆ ఏడు కువైట్, ఇరాక్‌ల చిక్కుకపోయిన మనోళ్లను లక్షా డెబ్బై వేల మంది దాక ప్రభుత్వం విమానాలల్ల తోలుకొచ్చింది. చాలమందిని బాగ్దాద్ మీదికెళ్లి జోర్డాన్ల అమ్మాన్‌కు చేర్చి, అక్కడికెళ్లి బొంబాయికి తెచ్చిన్రు. బాపు గట్లనే సెప్టెంబరు ఆఖర్ల ఇల్లు చేరిండు. చేతిల ఒక్క సంచి. నాలుగు నెలల జీతం ఆన్నే మునిగింది. అండ్ల నా బూట్లు సుత లేవు.

నేను చేసింది ఆయనకు నేనే చెప్పిన. క్యాసెట్ ఏయమన్నడు. ఇన్నడు. "పాటలు మంచిగున్నయి రా" అన్నడు. జరసేపు ఆగి, "అడిగితే ఖాళీ క్యాసెట్ నేనే తోలిద్దు గదా బిడ్డా" అన్నడు.

సైన్సు ఏం చెప్తది?

ఇప్పుడు అసలు ముచ్చటకొస్త. ఎనభైల పాట నన్ను ఎందుకు ఇడ్వదు? మనసు మీద పరిశోధన చేసేటోళ్లు దీనికి నాలుగు కారణాలు చూపెట్టిన్రు.

ఒకటి, వయసు. పదేండ్ల కాన్నుంచి పాతికేండ్ల దాక జరిగినయి మనిషికి ముసలితనంల సుత ఎక్కువ యాదికుంటయి. అన్నీ మొదటిసారి జరిగే ఈడు అది. మొదటి దోస్తు, మొదటి ప్రేమ, మొదటి తప్పు. ఆ ఈడుల ఇన్న పాట ఆ యాదులతోని కలిసే లోపల పడ్తది.

రెండు, జాగ. 2009ల కాలిఫోర్నియాల పీటర్ జనాటా అనే శాస్త్రవేత్త, మనుషులకు వాళ్ల చిన్ననాటి పాటలు ఇనిపించుకుంట మెదడును స్కాన్ చేసిండు. నొసలు వెనక ఉండే ఒక భాగం పాటను, పాత యాదిని, దాని వెంట వచ్చే బాధనో సంతోషాన్నో ఒక్కతాన ముడేస్తదని చూసిండు. అందుకే పాట మొదలైతే మనం పిలవకున్నా తునికాకు వాసన వస్తది.

మూడు, ఎదురుచూపు. 2011ల కెనడాల మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లు ఇంకోటి చూపిన్రు. మనకు ఇష్టమైన ముక్క వచ్చినప్పుడే కాదు, అది వస్తదని ఎదురుచూసేటప్పుడు సుత మెదడుల డోపమిన్ అనే రసాయనం ఊరుతది. తెలిసిన పాట తెలియని పాట కంటే ఎందుకు ఎక్కువ గుంజుతదో ఇక్కడ అర్థమైతది. మా అవ్వ జానకి పాటకు చాట పక్కకు పెట్టుడు నాకు ఇప్పుడు తెలుస్తున్నది. ఆమెకు పాట అంటే రాబోయే గొంతు.

నాలుగోది, పెండ్లి కాడ ఆ పిలగాడు చెప్పిందే. 2013ల కార్నెల్ యూనివర్సిటీల కెరొల్ క్రుమ్‌హాన్సల్, ఆమె తోటి పరిశోధకుడు కలిసి, ఇరవై ఏండ్ల ఈడు పిలగాండ్లకు 1955 కాన్నుంచి 2009 దాక వచ్చిన పేరున్న పాటలు ఇనిపించిన్రు. తమ కాలం పాటలు ఎట్లాగూ యాదికున్నయి. కాని ఎనభైల మొదట్ల వచ్చిన పాటలు సుత వాళ్లను గట్టిగ తాకినయి. లెక్క తీస్తే అది వాళ్ల అమ్మనాయినలు వయసుల ఉన్న కాలం. అంటే అమ్మనాయినల యాది ఇంట్ల మోగే పాట మీదికెళ్లి పిల్లలకు దిగుతది. భూమి పట్టా లెక్క రాతకోతలు ఉండయి, ఊకనే దిగుతది. ఆటోల పాట కొడుకు బుర్రల పడుడంటే గిదే.

గందుకే "మా కాలం పాటలే పాటలు, ఇప్పటియి పాటలా" అనే పెద్దోళ్లతోని నేను కలువ. ఎనభైలల్ల చెత్త పాటలు బోలెడు వచ్చినయి, కాలం వాటిని ఊడ్చేసింది. మిగిలిన మంచియి చూపెట్టి ఇప్పటి మొత్తంతోని పోల్చుడు న్యాయం కాదు. ఇయ్యాల యూట్యూబ్‌ల మన యాసల, మన డప్పు మీద వస్తున్న జానపద పాటలు మీకు యాభై ఏండ్లు వచ్చిననాడు గిట్లనే కండ్ల నీళ్లు తెప్పిస్తయి. అప్పుడు మా యాసకు జాగ లేకుండె. మీకు ఉన్నది. అదొక్కటి చూసి నాకు కుళ్లుగ ఉంటది.

తేడా ఏందంటే, మాకు ఒక క్యాసెట్ ఉంటే దాన్నే రెండొందల సార్లు ఇన్నం. వేరేది లేక ఇన్నం. మీరు పాట నచ్చకుంటే పది సెకన్లల్ల మారుస్తరు. పాట లోపలికి దిగాలంటే జర నిలవాలె, మళ్ల మళ్ల రావాలె. మీకు నచ్చిన పాటలు ఒక పది ఏరుకొని వాటితోని కొన్నేండ్లు బతుకుండ్రి. నేను ఇచ్చే ఒక్క సలహా అది.

ఇగ మీరు చెయ్యాల్సింది

ఇంట్ల పాత క్యాసెట్లుంటే పారెయ్యకుండ్రి. టేపు మీద తెల్లగ బూజు ఉంటే ఏసి చూడొద్దు, హెడ్ సుత ఖరాబైతది, తెలిసినోళ్లకు చూపియ్యాలె. బూజు లేకుంటే ఒకసారి ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, మళ్ల ఎనుకకు తిప్పుండ్రి. అంటుకున్నది వదులైతది. దూదికి స్పిరిట్ అద్ది టేపు రికార్డరు హెడ్ తుడువుండ్రి. ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రంల నుంచి వైరు కంప్యూటర్‌కు పెట్టి రికార్డు చేసుకోవచ్చు. ముందుగాల వెనక పలుకులు ఇరగ్గొట్టుండ్రి. మొత్తం ఇనకుండ ఏ క్యాసెట్ ఖాళీదని అనుకోకుండ్రి. పాటల ఆఖర్ల ఎవరున్నరో తెల్వది.

ఇంకోటి. ఇప్పుడు సుత మన ఊర్లల్ల నాయినలు గల్ఫ్‌ల ఉన్నరు. వాళ్లు క్యాసెట్లు పంపరు, వాట్సాప్‌ల వాయిస్ మెసేజ్ పెడ్తరు. "తిన్నవా బిడ్డా, బడికి పోయినవా, అమ్మ మాట ఇను." ఫోన్ నిండిందని చూపెట్టంగనే మనం మొదలు చెరిపేసేది అవే. రీల్స్ ఉంచుతం, నాయిన గొంతు తీసేస్తం. నన్ను దుకానాయన అడిగిండు, "చెరిపెయ్యాల్నా" అని. మీ ఫోన్ సుత అదే అడుగుతది. ఒక్క నిమిషం ఆగి, ఆ మెసేజ్‌లను పెన్‌డ్రైవ్‌ల ఒకతాన, మెయిల్ల ఒకతాన దాచుకోండ్రి. మీ అమ్మమ్మ పాడే బతుకమ్మ పాట, నాట్ల పాట ఉంటే ఈ ఎండకాలమే రికార్డు చెయ్యుండ్రి. వచ్చే ఎండకాలం అనుకోకుండ్రి.

బాపు 2009ల పోయిండు. 2020 సెప్టెంబరు 25 నాడు బాలు పోయిన వార్త టీవీల చూసి అవ్వ, "మీ బాపు టేపుల పాడినాయినే గదా" అని పొద్దంత తినలే. ఆమెకు బాలు అంటే గంతే. ఆ క్యాసెట్‌ను నేను కంప్యూటర్ల ఎక్కించిన. అవ్వ ఫోన్ల ఆ నిమిషంన్నర ముక్కను ఒక్కదాన్నే కోసి పెడ్త అన్న. 

"వద్దు. ముందల ఆ పాట ఉండాలె" అన్నది.

ఒకనాడు ధైర్యం చేసి అడిగిన, "అవ్వా, నేను చెరిపేసిన అండ్ల బాపు ఏమన్నడు?" అని. ఆమె బీడీ ఆకు కత్తిరించుకుంట, తల ఎత్తకుండనే చెప్పుడు మొదలుపెట్టింది. మొదటి మాట కాన్నుంచి. ఎక్కడ దగ్గిండు, ఎక్కడ ఆగిండు, గిన్నెల చప్పుడు ఎక్కడొచ్చింది, ఒక్కొక్కటి. అంత ఆమెకు నోటికే ఉన్నది. నా ఫోన్ రికార్డింగ్ బటన్ ఒత్తి ఆమె పక్కన పెట్టిన.